ఠీక్ హై సాబ్

టాటానగర్‌లో ఖర్కాయి ఫౌండ్రీ కంపెనీ ఆస్పత్రిలో పొద్దుటి రౌండ్స్ అంటే చిన్న ఊరేగింపే. ముందు పెద్ద డాక్టరు ఉమామహేశ్వర్, ఆయనకి ఒక అడుగు వెనక చిన్న డాక్టరు రమణి, ఆమె వెనక ఫైళ్ళు మోసుకుంటూ సిస్టర్ గౌరీదేవి, అందరి వెనకా ఒక చక్రం సరిగ్గా తిరగని మందుల బండి. తలుపు దగ్గరి మంచంతో మొదలయ్యే ఈ ఊరేగింపు, మొదట్లో ప్రతి మంచం దగ్గరా తీరిగ్గా ఆగుతుంది. నాడి చూస్తారు, నాలుక చూస్తారు, బీడీలు దాచుకున్నవాణ్ణి కోప్పడతారు, కుట్లు విప్పించుకున్నవాణ్ణి నవ్విస్తారు. లోపలికి వెళ్ళేకొద్దీ నడక జోరందుకుంటుంది. వరండా పక్కన ఉన్న చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి అసలు ఆగదు. అక్కడ ఉమామహేశ్వర్ తల మాత్రం కొంచెం పక్కకి తిప్పుతారు.

"కైసే హో, తవిటయ్యా?"

"ఠీక్ హై సాబ్."

ప్రశ్నా జవాబూ కలిపి ఒక్క అంగలో అయిపోతాయి. రోగి బాగానే ఉన్నాడని సిస్టర్ ఫైల్లో రాసేస్తుంది. తవిటయ్య కడుపు తెరిచి చూసి, లోపలంతా పాకిపోయిన క్యాన్సరు పుండుని చూసి, ఏమీ చెయ్యలేక మళ్ళీ కుట్టేశారు. ఇక చేసేదేమీ లేని మనిషి దగ్గర నిలబడి మాట్లాడేది మాత్రం ఏముంటుంది? పైగా ఆయనే బాగుందంటున్నాడాయె.

ఎనభై మూడో సంవత్సరం ఏప్రిల్ నెల అది. ఎండ మండిపోతోంది. రమణికి ఆ వేడి పట్టడంలేదు. గుండె జబ్బుల పైచదువుకి ఢిల్లీలో సీటొచ్చింది. ఉమామహేశ్వర్ స్వయంగా గుండె వైద్యుడు కాబట్టి, తన చేతి కింద తయారైన పిల్ల అంత దూరం వెళ్తోందని ఊరంతా చెప్పుకుంటున్నారు. నెల మారగానే ప్రయాణం. ఆ హడావిడిలో ఆ రోజు స్టెతస్కోపు వార్డులోనే వదిలేసింది. గుండె డాక్టరు కాబోతూ స్టెతస్కోపు మర్చిపోవడమేమిటని తనని తాను తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

చివరి మంచం దగ్గర తవిటయ్య భార్య జోగమ్మ వార్డుకి వీపు పెట్టి నిలబడి ఉంది. చీర కొంగు రెండు చేతులా బారుగా చాపి పట్టుకుంది. ఆరేసుకుంటోందనుకుంది రమణి. దగ్గరికి వెళ్ళి చూస్తే కొంగు పొడిగానే ఉంది. అది ఆరేయడానికి కాదు, అడ్డానికి. కొంగు వెనక తవిటయ్య ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీదికి ముడుచుకుపోయి ఉన్నాడు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. కుడిచెయ్యి మంచం ఇనప కడ్డీని పట్టుకుని ఉంది. ఆ చెయ్యి పట్టుకున్న చోట కడ్డీకి రంగు లేదు, అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

రమణిని చూడగానే ఆయన తువ్వాలు లాగి పారేసి నిటారుగా కూర్చోబోయాడు. "ఠీక్ హై మేమ్‌సాబ్," అన్నాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

"నేను తెలుగుదాన్నే, తవిటయ్యగారూ. తెలుగులో చెప్పండి."

గారు అనేసరికి, ఆ పేరుగల పెద్దమనిషి ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆయన వెనక్కి చూశాడు. "బాగానే ఉన్నాను తల్లీ," అన్నాడు.

జోగమ్మకి ఇక ఉండబట్టలేదు. "ఏటి బాగు! వచ్చినకాడ్నించీ ఇదే బాగు. మడిసి నడుం వాల్చి పడుకోని నెలలైపోనాది. పడుకుంటే వీపులోంచి పొడుత్తాదంట. నానిలాగ కొంగట్టుకోని నించుంటాను, ఎవులూ చూడకుండా."

"ఎందుకు చూడకూడదు? అడుగుతూనే ఉన్నాం కదా రోజూ!"

తవిటయ్య ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. "బతుకంతా కిరేను మీదే గడిపేను తల్లీ. కింద ఫోరుమేను నించోని ఎలాగున్నావని అరుత్తాడు. ఠీక్ హై అన్నోడికి కిరేను. తల తిరుగుతున్నాదన్నోడికి చీపురు. ఇప్పుడు నొప్పని నోరిప్పేననుకో, అన్‌ఫిట్టని రాసి పంపేత్తారు. నెలాఖరుకి నా డూటీ అయిపోద్ది. ఆ ఒక్క రోజూ నాను లోపలికెల్లాల."

"ఎందుకు?"

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఇదడుగుతావా అన్నట్టుంది ఆ చూపు. "మా ఫౌండ్రీలో ఆఖరి డూటీ చేసినోడు షిఫ్టు భోంపు కూసినాక అందరికన్నా ఎనక గేటులోంచి నడిచొత్తాడు. తన కాళ్ళమీద. ఎవులూ చెయ్యట్టుకోరు. మెళ్ళో దండ గేటు కాడేత్తారు. అన్‌ఫిట్టు అయిపోనోడికి దండ ఇంటికంపుతారు. పటానికేసినట్టు."

 రమణి స్టెతస్కోపు తీసుకుని కదలబోయింది.

"డాటరమ్మా, తప్పుగా అనుకోకు. కిరేను కేబిన్లో కూకున్నోడికి కిందెవులొత్తన్నారో సప్పుడు బట్టే తెలిసిపోద్ది. నీ సెప్పులు ఆ తలుపుకాడ నెమ్మది. నా మంచం కాడికొచ్చేతలికి పరుగు." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "నానేటి తప్పు చేసేనమ్మా?"

రమణికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నంత సిగ్గు. వార్డు దాటి, మెట్లు దిగి, బయట ఎండలోకి వచ్చేదాకా ఆమె ఆగలేదు.

*

టెల్కో కాలనీలో ఇంట్లో రమణి తల్లి జానకీదేవి కూతురికోసం ఉన్ని బట్టలు పెట్టెలో సర్దుతోంది. ఏప్రిల్లో స్వెట్టర్లేమిటే అని భర్త భుజంగరావు వేళాకోళం చేస్తే, ఢిల్లీ చలి మీకేం తెలుసని ఆవిడ ఆయన్నే కసిరింది. ఆయన లారీల కర్మాగారంలో ఇంజనీరు. షిఫ్టు బస్సు దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ కూర్చున్నారు.

"నాన్నా, ఆఖరి డ్యూటీ రోజున మనిషి గేటులోంచి నడిచి రాకపోతే ఏమవుతుంది?" అంది రమణి.

"ఏమవుతుంది? కాగితాలు ఇంటికి వెళ్తాయి," అన్నారాయన తేలిగ్గా. రెండో బూటు చేత్తో పట్టుకుని ఆగిపోయారు. "మా షాపులో ఒకాయన ఉండేవాడు. ఆఖరి వారంలో కాలు విరిగింది. కట్టుతో చక్రాల కుర్చీలో తీసుకెళ్తామంటే ససేమిరా అన్నాడు. తర్వాత ఆ రోడ్డెంట మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. చుట్టూ తిరిగి వెళ్ళేవాడట."

రమణి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పాత పత్రికల కట్ట విప్పింది. ఎప్పుడో చదివి పక్కన పడేసిన ఒక వ్యాసం ఉండాలి. ఇంగ్లండులో కొందరు డాక్టర్లు, నయంకాని రోగులకి మార్ఫీన్ని సూదిమందుగా కాక తాగే మందుగా ఇస్తున్నారని, నొప్పి తిరిగొచ్చాక కాకుండా రాకముందే వేళకి ఇస్తున్నారని అందులో ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇదేం వైద్యం, జబ్బు తగ్గించదుగా అనుకుంది. ఇప్పుడు ఒక్కొక్క వాక్యం రెండేసిసార్లు చదివింది. చదువుతుంటే తన సంగతి తనకే తెలిసొచ్చింది. తను గెలిచే చోటే ఆగుతోంది. ఓడిపోతానని తెలిసిన మంచం దగ్గర పరిగెడుతోంది. రోగి తప్పేమీ లేదు, పిరికితనం తనది.

మర్నాడు ఉమామహేశ్వర్ గది తలుపు తట్టింది. ఆయన చెడ్డ మనిషి కాడు. ఆగిపోయిన గుండెని గుద్ది గుద్ది కొట్టుకునేలా చేసిన చేతులాయనవి. అందుకే ఆగిపోక తప్పని వాటిమీద ఆయనకి ఓపిక లేదు.

"మార్ఫీనా? తాగడానికా?" అన్నారాయన కళ్ళజోడు తీసి. "మనకొచ్చేది ఎంత, రమణీ? కరిగిన ఇనుముతో లాడిల్ ఒలికి కాళ్ళు కాలినవాడికి, ఆపరేషను అయినవాడికి చాలడంలేదు. బతికేవాళ్ళకి లేని మందు..." అని ఆగిపోయారు.

"చచ్చేవాళ్ళకెందుకు అంటారు. అంతేగా, సార్?"

"నేనలా అనలేదు."

"అనలేదు సార్. నేనూ అనలేదు. అనకుండానే ఇద్దరం రోజూ ఆ మంచం దాటేస్తున్నాం."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇంతవరకూ ఆ గదిలో ఆ పిల్ల నోటినుంచి 'అలాగే సార్' తప్ప వినలేదు. "అలవాటు పడిపోతాడు," అన్నారు.

"పడనివ్వండి. అలవాటు మాన్పించడానికి ఆయనకి టైమెక్కడుంది?"

ఉమామహేశ్వర్ కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత కాగితం లాక్కుని గబగబా సంతకం చేశారు. "పూచీ నీది. ఏదైనా తేడా వస్తే ఢిల్లీకి రాసిన సిఫార్సు నేనే వెనక్కి తీసుకుంటాను. తెలుసుకో."

మందు కలిపే పని కాంపౌండర్ పోలరాజుది. మాత్రలూ కాప్సూళ్ళూ వచ్చాక మందులు నూరడం మానేసి, పొట్లాలు కట్టేవాడిగా మిగిలిపోయానని రోజూ సణిగే మనిషాయన. చీటీ చూడగానే కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మిక్శ్చరా? అబ్బో! ఇన్నాళ్ళకి ఎవరికో గుర్తొచ్చింది నేను మనిషినని," అంటూ అటక మీది కొలగ్లాసులు దింపి, కడిగి, తుడిచి, పెళ్ళి వంటకి కూర్చున్నంత సంబరంగా కూర్చున్నాడు. చేదు తెలియకుండా పాకం కలిపాడు. సీసాకి కాగితం ముక్క అంటించి, ఒక్కొక్క మోతాదుకీ కత్తెరతో గాటు పెట్టాడు. రెండు తాళాల బీరువాలోంచి అసలు సరుకు తీసిచ్చేటప్పుడు సిస్టర్ గౌరీదేవి మాత్రం తన పిల్లనెవరికో అప్పగిస్తున్నట్టు ముఖం పెట్టింది.

మొదటి రోజు రమణి ఓడిపోయింది.

"ఎలా ఉంది?" అని అడిగినప్పుడల్లా తవిటయ్య "బాగున్నాదమ్మా" అనేవాడు. కడ్డీ మీది చెయ్యి మాత్రం వదిలేవాడు కాదు. సాయంత్రానికి తిన్న రెండు ముద్దలూ వాంతయ్యాయి. సిస్టర్ గౌరీదేవి ముక్కు ఎగబీల్చి అవతలికి వెళ్ళిపోయింది. మోతాదు సరిపోయిందో లేదో చెప్పాల్సినవాడు చెప్పకపోతే రమణి మందు ఎంతని పెంచుతుంది?

రమణి స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఆ వార్డులో డాక్టరు కూర్చోవడం ఎవరూ చూడలేదు. పక్క మంచం అతను దుప్పటి దించి మరీ చూశాడు.

"తవిటయ్యగారూ, ఒక ఒప్పందం చేసుకుందాం. నేను అన్‌ఫిట్ అని రాయను. ఏం చెప్పినా రాయను. మీ గేటు సంగతి నాకొదిలెయ్యండి. దానికి బదులు, నేనడిగినప్పుడు మీరు నిజం చెప్పాలి."

"రాయవూ?"

"రాయను."

"ఒట్టెయ్యి తల్లీ."

రమణి మంచం కడ్డీ మీద, ఆ అరిగిన చోట, ఆయన చేతి పక్కనే చెయ్యి వేసింది. తవిటయ్య చాలాసేపు ఆ చేతినే చూశాడు.  జీవితమంతా మింగేసిన మాట అంత సులువుగా పైకి రాదు.

"నొప్పి," అన్నాడు చివరికి. అనగానే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "శానా నొప్పమ్మా. ఎవులో లోపల కూకోని ఇనప గరిటితో గోకుతున్నట్టు ఉన్నాది. నువ్విచ్చిన నీళ్ళు దానికి ఏ మూలకీ సరిపోనేదు."

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. రమణికి మాత్రం లోపల ఎక్కడో సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు దారి కనిపించింది. వాంతికి మందు రాసింది, విరేచనం సాఫీగా అవడానికి రాసింది, మోతాదు పెంచింది. వేళ తప్పడానికి వీల్లేదని సిస్టర్‌కి మరీమరీ చెప్పింది. ప్రతి మోతాదుకీ ముందు తనే వచ్చి స్టూలు మీద కూర్చుని అడిగింది. ఆయన చెప్పాడు. ఒకసారి చెప్పడం మొదలెట్టాక బాగా చెప్పేవాడు. గరిటె గోకుడు పోయి చీపురు గీకుడు అయిందన్నాడు. తర్వాత, ఉన్నాది గానీ పక్కూళ్ళో ఉన్నాదన్నాడు.

ఆ మర్నాటి మధ్యాహ్నం వార్డంతా ఉలిక్కిపడేలా జోగమ్మ కేక వినిపించింది. "ఓరి నాయనో! ఎల్లిపోనాడమ్మో! నన్నొగ్గేసి ఎల్లిపోనాడు!"

రమణి భోజనం డబ్బా వదిలేసి పరిగెత్తింది. సిస్టర్ పరిగెత్తింది, పోలరాజు సీసా చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. నడవగలిగిన రోగులంతా చుట్టూ మూగారు. చివరి మంచం మీద తవిటయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు బారజాపి ఉన్నాయి, చేతులు రెండూ గుండెల మీద ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జోగమ్మ ఆ కాళ్ళమీద పడి తల కొట్టుకుంటోంది.  మోతాదు ఎక్కువైందా? రమణి వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

తవిటయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఏటే ఆ గోల! మడిసిని పడుకోనీవా?" అన్నాడు. కన్ను మూసేసి పక్కకి ఒత్తిగిలాడు. గురక మొదలైంది.

 ముందు నవ్వింది పక్క మంచం అతనే. అంతే, వార్డు వార్డంతా పగలబడి నవ్వింది. కుట్లు ఉన్నవాళ్ళు కుట్లు పట్టుకుని నవ్వారు. జోగమ్మ ఏడుపు ముఖంతోనే నవ్వుతూ, "మరేటి సెయ్యను తల్లీ! పడుకున్నోడిలాగ పడుకోడం సూసి యుగాలైపోనాది. పోయినోడే అనుకున్నాను," అంది. సిస్టర్ గౌరీదేవి ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళి కిటికీ తెర దించి వచ్చింది, ఎండ ఆయన ముఖాన పడకుండా. ఆ రోజునుంచి మందు వేళకి రమణి గుర్తుచెయ్యాల్సిన పని లేకపోయింది.

*

సిక్ లీవులో ఉన్న మనిషి మళ్ళీ గేటు లోపలికి అడుగు పెట్టాలంటే డాక్టరు ఫిట్ అని రాసివ్వాలి. రమణి ఆ చీటీ తీసుకెళితే ఉమామహేశ్వర్ ముట్టుకోలేదు.

"నీకు మతి పోయిందా? ఆ లివరు చూశావు, ఆ కళ్ళ పచ్చదనం చూశావు. ఆ మనిషి ఫిట్టా?"

"ఒక్క రోజు, తేలిక పని. కిందే కూర్చుంటాడు, క్రేన్ ఎక్కడు. తేలిక పనికి నేను సంతకం పెట్టొచ్చు సార్, రూల్ ఉంది. మీకు చెప్పకుండా పెట్టడం ఇష్టంలేక వచ్చాను."

"లోపల పడిపోతే? కంపెనీ నన్నడుగుతుంది, చచ్చేవాణ్ణి ఫౌండ్రీలోకి ఎందుకు పంపారని. ఏం చెప్పను? నీ ఢిల్లీ, నీ భవిష్యత్తు, అన్నీ ఆ గేటు దగ్గరే పోతాయి. ఒక ఊరేగింపు కోసం!"

"ఊరేగింపు కాదు సార్. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే. నయం చెయ్యలేం. ఇది చెయ్యగలం."  రమణి ఆయన ముందే, ఆయన కలంతోనే సంతకం పెట్టింది. ఆయన వేరే ఫైలు తెరుచుకున్నారు.

నెలాఖరు రోజు తెల్లవారకముందే సీతారామ్‌డేరా బస్తీలోని ఇంటినుంచి జోగమ్మ ఉతికిన యూనిఫాం తెచ్చింది. అది ఇప్పుడు ఆయనలాంటివాళ్ళిద్దరు పట్టేంత వదులు. ఆవిడ సూదీ దారం తీసుకుని, ఒంటిమీదుండగానే ప్యాంటు నడుం దగ్గర మడత పెట్టి కుట్టేసింది. రమణి మందు సీసా చొక్కా జేబులో పెట్టింది. ఆయన దగ్గర క్రేన్ నేర్చుకున్న బలరామ్ సైకిలు రిక్షా తెచ్చి, "చలో కాకా," అంటూ ఎక్కించుకుపోయాడు. అతను తెలుగు పిల్లాడే, తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

రమణికి ఆ పొద్దు ఎలా గడిచిందో తెలియదు. రాసిందే మళ్ళీ రాసింది, రాసింది కొట్టేసింది. మధ్యాహ్నం షిఫ్టు దిగే భోంపుకి ముందే గేటు దగ్గరికి చేరింది. జోగమ్మ అప్పటికే వేపచెట్టు నీడన నిలబడి ఉంది. రెండో షిఫ్టుకి లోపలికి వెళ్ళాల్సిన వాళ్ళు సైకిళ్ళు పట్టుకుని రోడ్డు పొడుగునా ఆగి ఉన్నారు. ఆఖరి డ్యూటీ చేసినవాడు బయటికొచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళరు, అది అక్కడి పద్ధతి.

భోంపు మోగింది. ముందు మసిబట్టల జనం బిలబిలమంటూ వచ్చి, వెళ్ళిపోకుండా రెండు పక్కలా వరస కట్టారు. వాళ్ళలోంచి బలరామ్ పరిగెత్తుకొచ్చాడు. వాడి ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, ఆఖరీ లాడిల్ కాకా నే ఉఠ్‌వాయా! నీచే ఖడే హోకే, హాథ్ కే ఇషారే సే!"

పైన క్రేన్లో బలరామ్ కూర్చుంటే, కింద నిలబడి చేతి సైగలతో తవిటయ్యే కరిగిన ఇనుముని పైకి లేపించి, షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించి, ఒక్క చుక్క ఒలక్కుండా దింపించాడట. కూర్చోమని వేసిన స్టూలు మీద ఎవరో టీ గ్లాసులు పెట్టుకున్నారట.

అప్పుడు కనిపించాడు తవిటయ్య. ఖాళీ అయిపోయిన దారిలో ఒక్కడే నడిచి వస్తున్నాడు. నెమ్మదిగా, కొంచెం ముందుకి వంగి, అయినా తన కాళ్ళమీద. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.  రోడ్డుమీద ఎండ తప్ప ఇంకేమీ కదలడం లేదు.

గేటుకి ఇంకాస్త దూరముందనగా ఆయన ఆగిపోయాడు. పొట్టమీద చెయ్యి పెట్టుకున్నాడు. రమణి ముందుకి దూకబోయింది. జోగమ్మ ఆమె ముంజెయ్యి గట్టిగా పట్టుకుని, "ఉండు తల్లీ. ఎల్లకు," అంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది.

సెక్యూరిటీ గది పక్కనుంచి ఒకాయన బయటికొచ్చారు. తెల్ల చొక్కా, కళ్ళజోడు. ఉమామహేశ్వర్! ఆయన వెనక, గోడ చాటున, ఆస్పత్రి అంబులెన్సు ముక్కు కనిపిస్తోంది. పొద్దున్నించీ అక్కడే కాపలా కాస్తున్నారన్నమాట, పడిపోతే పట్టుకోడానికి. నాలుగడుగులు వేసి, దగ్గరికి వెళ్ళాక ఏమనాలో తెలియక, అలవాటైన మాటే అనేశారు.

"కైసే హో, తవిటయ్యా?"

రెండు వరసల జనమూ అటు తల తిప్పారు. ఆ ప్రశ్నకి ఆ గేటు లోపల పనిచేసేవాళ్ళందరిదీ ఒకటే జవాబు. పిల్లలకి జ్వరమొచ్చినా అదే, వేళ్ళు నలిగినా అదే. తవిటయ్య తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు.

"దర్ద్ హై సాబ్," అన్నాడు, అందరికీ వినబడేలా. "థోడా హై. దవాయీ కా టైమ్ హో గయా."

నొప్పిగా ఉంది, మందు వేళయింది, అంతే. జేబులోంచి సీసా తీశాడు. ఎండకేసి ఎత్తి గాటు చూసుకున్నాడు. కొలిచినట్టు ఒక్క మోతాదు తాగి, మూత బిగించి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, సీసా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, పెద్ద డాక్టరుకి నమస్కారం పెట్టి, ఆయన్ని దాటుకుని గేటులోంచి బయటికి నడిచాడు.

ముందు ఒక సైకిలు గంట మోగింది. తర్వాత పది, తర్వాత రోడ్డు పొడుగునా ఉన్న సైకిళ్ళన్నీ ఒక్కసారిగా మోగాయి. సాక్చి బజారు దాకా వినిపించి ఉంటుంది ఆ మోత. బలరామ్ దండ వేశాడు. జోగమ్మ మొగుణ్ణి చూసి, "నడుం కాడ కుట్టు ఊడిపోనాది సూసుకోనేదేటి!" అని కసిరి, అందరిముందూ ఆయన చెయ్యి పట్టేసుకుంది. గేటు దాటాక పట్టుకోవచ్చు. రమణి ఏడుస్తోంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయి. ఇంతకాలం తను గెలుపు అనుకున్నది గెలుపులో ఒక రకం మాత్రమేనని, ఇదిగో ఇది ఇంకో రకమని అర్థమై ఆమె మనసు ఎగిరి గంతేసింది.

*

మర్నాడు ఉమామహేశ్వర్ కబురు పంపారు. రమణి వెళ్ళేసరికి ఆయన బల్లమీద చేతులు పెట్టుకుని ఖాళీగా కూర్చుని ఉన్నారు. ఆయన్నలా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నీ ప్రయాణం ఎప్పుడు?"

"మానేశాను సార్. నాన్న టికెట్టు రద్దు చేయించడానికి టాటానగర్ స్టేషనుకి వెళ్ళారు. అమ్మ నాతో మాట్లాడ్డం లేదు. చచ్చేవాళ్ళ డాక్టరని పిలుస్తారే నిన్ను, అంది పొద్దున. పిలవనీ, వాళ్ళకీ ఒకరుండాలిగా అన్నాను." రమణి నేలచూపులు చూసి, మళ్ళీ తలెత్తింది. "గుండెలు చూడ్డానికి మీరున్నారు సార్. ఆ చివరి మంచానికి ఎవరూ లేరు."

ఆయన కోప్పడతారనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను, రమణీ, ఎలా ఉన్నావని," అన్నారు మెల్లిగా. "జవాబు నిన్న వచ్చింది." సొరుగు లాగి, మందుల బీరువా రెండో తాళంచెవి తీసి బల్లమీద ఆమె వైపు జరిపారు. "ఒక్క మంచం ఏం సరిపోతుంది? వరండా పక్కవి నాలుగూ తీసుకో. పోలరాజుతో నేను చెబుతాను."

రమణి తాళంచెవి తీసుకుని వార్డులోకి వచ్చేసరికి, వరండాలో జోగమ్మ కూర్చుని ఉంది, ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని. తవిటయ్య ఇంటి దగ్గర రాత్రంతా పడుకున్నాడని, పొద్దున్నే లేచి చేపల పులుసు కావాలని పేచీ పెడుతున్నాడని చెప్పింది. పొద్దుటి భోంపుకి ఒక మోతాదు, నల్లా నీళ్ళొచ్చినప్పుడు ఒకటి, మధ్యాహ్నం భోంపుకి ఇంకొకటి అంటూ మందు వేళలన్నీ అప్పజెప్పింది. ఆవిడ పక్కనే ఇంకో ముసలామె గోడకి జారబడి కూర్చుని ఉంది. ఎముకల గూడులా ఉంది. మెడ పక్కన పెద్ద వాపు, దానిమీద కప్పుకున్న కొంగు.

"ఈవిడ మా బస్తీలో నూకాలమ్మ. ఆస్పత్రికి వత్తానంటే కదా! నానే లాక్కొచ్చేను," అంది జోగమ్మ. గొంతు తగ్గించి, "ఈవిడా బాగానే ఉన్నానంటాది తల్లీ. నమ్మకు," అంది.

సిస్టర్ గౌరీదేవి అడక్కుండానే చివరి మంచం మీద దుప్పటి మార్చింది. నూకాలమ్మని దానిమీద కూర్చోబెట్టారు. రమణి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

ముసలామె కళ్ళు దించుకుంది. కుడిచెయ్యి తడుముకుంటూ వెళ్ళి, రంగు పోయి నున్నబడిన ఆ కడ్డీని పట్టుకుంది.

"నాకేటైనాదమ్మా," అంది. "బాగానే ఉన్నాను."

రమణి స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.